పన్నెండు ముఖాలు

"ఆ వరస మార్చమ్మా," అంది శిల్పి భార్య. పొద్దుటి నుంచి ఆ మాట అనడం ఇది మూడోసారి.

మ్యూజియం క్యూరేటర్ గడియారం వంక చూసింది. పదింటికి తలుపులు తీయాలి. ఇంకా పావుగంటే ఉంది.

"ఇప్పుడెలా అమ్మా? ప్రదర్శన పుస్తకం కూడా ఇదే వరసలో అచ్చయిపోయింది."

పొడవాటి హాలు. కిటికీల పక్కన పన్నెండు దిమ్మెలు. ఒక్కో దిమ్మె మీద ఒక్కో కంచు తల. పన్నెండూ ఒకే మనిషివి. మూడు నెలల కిందట కన్నుమూసిన శిల్పికి స్వయానా తమ్ముడు. ఇరవయ్యో ఏట యుద్ధానికి వెళ్లాడు. వంతెన దగ్గర పోరులో పోయాడని సైన్యం నుంచి కాగితం వచ్చింది. వాళ్ల ఊరి బడికి అతని పేరే పెట్టారు.

మొదటి తలకి ఇరవై ఏళ్లు, నూనూగు మీసం. ఆ తర్వాత ఐదేళ్లకొకటి చొప్పున చేశాడు అన్న. మూడోదానికి నుదురు వెడల్పయింది. ఏడోదానికి కళ్ల కింద సంచులు దిగాయి. పన్నెండోది దవడలు పీక్కుపోయిన ముసలాడు. ఇన్నాళ్లూ ఒకటి స్టేషన్లో, ఒకటి ఆసుపత్రిలో, ఒకటి ఎవరింట్లోనో, చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉండేవి. అన్నీ ఒక్కచోట చేరడం ఇదే మొదలు.

"యుద్ధం మింగేసిన తమ్ముడికి అన్న తన చేతుల్తో ఆయుష్షు పోశాడు. ఈ ప్రదర్శనకి అదే ప్రాణం," అంది క్యూరేటర్.

"పోనీ, చివరి మూడూ వేరే గదిలో పెట్టు."

"తలలు దాచేసి దిమ్మెలు చూపించమంటారా?"

డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దావిడ కుర్చీలో కూర్చుంది. లేచింది. కాలుగాలిన పిల్లిలా హాలు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగింది.

పన్నెండో తల దగ్గర మట్టి తాత గుడ్డతో దుమ్ము తుడుస్తున్నాడు. శిల్పి దగ్గర మట్టి పిసికే మనిషి కాబట్టి అందరికీ ఆ పేరే అలవాటు. గుండెల దాకా తెల్లటి గడ్డం. ఆ ఇంట్లో ఎప్పటి నుంచి ఉన్నాడో ఎవరికీ గుర్తు లేదు.

"తాతా! అక్కడ నిలబడొద్దన్నానా? వెళ్లి కారులో కూర్చో."

"ఇదొక్కటే మిగిలిందండి అమ్మగారూ."

"ఉండనివ్వండమ్మా," అని క్యూరేటర్ గొంతు తగ్గించింది. "మిమ్మల్నొకటి అడగాలి. చివరి పదేళ్లూ సారుకి చేతులు వణికేవటగా. చివరి రెండింట్లో ఆ వణుకు మచ్చుకైనా లేదు. వీటిలో తాత చెయ్యేమైనా ఉందా?"

పెద్దావిడ క్యూరేటర్‌కీ తాతకీ మధ్యకి వచ్చింది.

"ఇంకొకరి వేలు కూడా పడలేదు. మట్టి ముట్టుకుంటే చాలు, ఆయన వణుకు ఆగిపోయేది. ఈయనకి మట్టి పిసకడం తప్ప ఏం రాదు."

ఆ మాట నిజమే. కానీ అంత గట్టిగా అనాల్సింది కాదని ఆవిడకే అనిపించింది.

తలుపులు తీశారు. జనం బిలబిలమంటూ వచ్చారు. మొదటి తల నుంచి చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి చూసి, చాలామంది కళ్లు తుడుచుకున్నారు. పెద్దావిడ మాత్రం శిల్పాలు చూడలేదు. చూసేవాళ్ల కళ్లనే చూసింది. ఎవరైనా తాత వైపు తిరిగితే చాలు, అడ్డం వెళ్లి మంచినీళ్లెక్కడని అడిగింది. నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ తాగింది.

అప్పుడొచ్చాడు చేతికర్రతో ఒక భారీ మనిషి. కోటు మీద పతకాలు.

"వీడూ నేనూ ఒకే పటాలం," అన్నాడు క్యూరేటర్‌తో.

పెద్దావిడ లేచింది. తాత ఇంకా పన్నెండో తల దగ్గరే ఉన్నాడు.

మాజీ సైనికుడు మొదటి తల ముందు నిలబడి సెల్యూట్ చేశాడు. ఒక్కోటీ చూసుకుంటూ పన్నెండో తల దగ్గరికొచ్చి ఆగాడు.

"తెల్లారుతుంటే నా కాలికి తూటా తగిలింది," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "వీడు నన్ను వీపున వేసుకుని రెండు మైళ్లు మోశాడు. డాక్టర్ల గుడారంలో పడుకోబెట్టి, ఇప్పుడే వస్తానన్నాడు. అంతే. ఆ వారం పారిపోయినవాళ్లని మనవాళ్లే గోడకి నిలబెట్టి కాల్చారు. వీడు పారిపోయే రకం కాదు. మళ్లీ ఆ వంతెన దగ్గరికే వెళ్లుంటాడు."

మట్టి తాత చేతిలో గుడ్డ ఆగిపోయింది.

సైనికుడు కంచు చెంప మీద అరచెయ్యి వేశాడు. కాపలా మనిషి ముందుకొస్తుంటే క్యూరేటర్ వద్దని సైగ చేసింది.

"థాంక్స్ రా," అన్నాడు ఆ ముఖంతో. "అప్పుడు చెప్పడం కుదర్లేదు."

వెనక్కి తిరగబోతే పాత గాయం ఉన్న కాలు మడత పడింది. పక్కనే ఉన్న తాత చప్పున పట్టుకున్నాడు.

"కారు దాకా దింపుతాను రండి."

వద్దని అరవబోయింది పెద్దావిడ. చుట్టూ జనాన్ని చూసి, వాళ్ల వెనకే గుమ్మం దాకా నడిచింది.

సైనికుడు తాత మెడ చుట్టూ చెయ్యి వేసి, బరువంతా వాలేశాడు. ఇద్దరూ పది మెట్లు దిగారు. పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఒక్కో మెట్టూ లెక్కపెట్టింది. కింద సైనికుడు ఏదో అడిగాడు. తాత తల అడ్డంగా ఊపాడు. కారు కదిలి మలుపు తిరిగింది.

నడుం పట్టుకుని, ఆయాసపడుతూ, మెట్లెక్కి వచ్చాడు తాత. గడ్డం తడిసి ఉంది. అటూ ఇటూ చూసి, పెద్దావిడ చెవి దగ్గరికి వంగాడు.

"బాగా ఒళ్లు చేశాడు వదినా, ఆ రోజు నా వీపు మీద ఇంత బరువు లేడు."