కోతి అడిగిన మోతకూలి

వేరుశనగ చేను గట్టున ఓ ఉడత కాపురం. పిల్లలకి జబ్బు చేసినప్పుడు పందికొక్కు దగ్గర ఇరవై కాయలు అప్పు తెచ్చింది. పున్నమి పున్నమికీ ఒక కాయ వడ్డీ. అది కట్టాలంటే ఉడతకి ప్రాణం పోయినంత పనయ్యేది.

ఒకరోజు కోతి చెట్టు దిగొచ్చింది. "ఆ అప్పు నాకు మార్చేసుకో వదినా. పందికొక్కుకి నేను కట్టేస్తా. ఏడాదిదాకా నాకు వడ్డీ వద్దు. కాయలు మోసినందుకు కూలి మాత్రం ఇప్పుడే మూడు కాయలివ్వు."

ఉడత సంబరంగా మూడు కాయలూ పట్టుకుని కోతి దగ్గరికి పరుగెత్తింది. దారిలో తాబేలు తాత ఆపి, సంగతంతా విన్నాడు.

"ఇంతకీ అప్పు ఎప్పుడు తీరుస్తావే?"

"చేను కోతకొస్తుందిగా తాతా, రెండో పున్నమికి తీర్చేస్తా."

"అప్పటికి పందికొక్కుకయ్యే వడ్డీ రెండు కాయలే కదే! వడ్డీ వద్దన్నవాడికి మూడు పోస్తావా, పిచ్చిదానా?"

ఉడత అక్కణ్ణుంచే వెనక్కి తిరిగింది.

కోతలయ్యాయి. అప్పూ వడ్డీ తీరిపోయాయి. ఉడత ఒక కాయ తెచ్చి తాత ముందు పెట్టింది. "నువ్వు మిగిల్చిన కాయ, తాతా."

"పళ్లు లేనివాణ్ణి, నాకెందుకే? పిల్లలకి పెట్టుకో."

ఉడత కాయ ఒలిచి, పప్పు రాతిమీద మెత్తగా నూరి, తాత నోటికి అందించింది.