చుక్కల్లేని ముగ్గు

మిషను మీద బొంత మళ్ళీ ముడుచుకుపోయింది.

"పాడు మిషను!" అని చంద్రకాంతమ్మ దాని నెత్తిన ఒకటి వేసింది.

తెల్లారితే మనవరాలిని ఉయ్యాల్లో వెయ్యాలి. చిత్తూరు నుంచి వియ్యాలవారు దిగుతారు. బొంత చూస్తేనేమో, ఒక పక్క సర్దితే ఇంకో పక్క మడతలు పడుతోంది.

అంగట్లో బొంతలు దొరకవా అంటే దొరుకుతాయి. కానీ కూతురు పంకజకు మొదటి కాన్పు దక్కలేదు. అందుకే ఈసారి బిడ్డ కింద పరిచే బొంతకని, పిల్లలు చల్లగా ఉన్న ఇళ్ళన్నీ తిరిగి పాతచీరల ముక్కలు అడిగి తెచ్చుకుంది. వరదమ్మ ఇచ్చింది, గంగులమ్మ ఇచ్చింది, కవలల తల్లి వహీదున్నీసా పిలిచి మరీ ఇచ్చింది. ఆ తల్లుల చలవ తన మనవరాలికి తగలాలని చంద్రకాంతమ్మ ఆశ.

గేటు చప్పుడైంది.

చేతిలో గుడ్డసంచితో ఎవరో ఆమె. నలభై ఏళ్ళుంటాయి.

ఆమె నోరు తెరిచేలోపే చంద్రకాంతమ్మ అందుకుంది.

"మిషను కంపెనీ నుంచే కదా? నేర్పించే మనిషిని పంపించండని ఎప్పుడో చెప్పినా. ఇప్పుడా వచ్చేది? రా రా, చెప్పులు ఆడ విడువు."

ఆమె బిత్తరపోయింది. మిషను కింద ఇరుక్కున్న బొంతను చూసి నవ్వు ఆపుకుంది. దండెం మీద ఆరుతున్న బిడ్డ గుడ్డల వైపు చూసి అడిగింది.

"తల్లీబిడ్డా యాడక్కా?"

"నీళ్ళు పోసుకుని ఇప్పుడే పడుకున్నారు. మెల్లగా మాట్లాడు."

"అయితే లేపొద్దులెండి," అని ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "సూడండక్కా, కింద పళ్ళు గుడ్డను లాగుతాయి, పైన పాదం అణుస్తుంది. మధ్యలో ఇంత మందం బొంత. ముడుచుకోక అది మాత్రం ఏం చేస్తుంది?"

స్క్రూ తిప్పి పళ్ళు కిందికి దించింది. పాదం ఊడదీసి చంద్రకాంతమ్మ చేతిలో పెట్టింది.

"అయ్యో, పాదం లేకుండా మిషను ఎట్లా నడుస్తుంది?"

"అది నడవదు. మీరే నడిపించాల. రెండు అరచేతులతో బొంతను బిగించి పట్టుకుని, యాడికి కావాలంటే ఆడికి జరుపుకోండి."

చంద్రకాంతమ్మ స్కేలు, సుద్దముక్క తీసింది.

"అవెందుకక్కా?"

"గీతలు లేకుంటే వంకర పోదూ?"

"పోనీండి. చుక్కలు పెట్టకుండా ముగ్గెయ్యండి."

"నా జన్మలో చుక్కలు పెట్టకుండా ముగ్గెయ్యలేదు!"

"అందుకే చెప్తాండా."

చంద్రకాంతమ్మ కాళ్ళతో తొక్కింది. బొంత తిరగేసి చూస్తే అడుగున దారం పిచ్చుకగూడు కట్టి ఉంది.

"పాదం లేకపోయినా వెనక ఆ పిడి దించాల్సిందేనక్కా. లేకుంటే దారానికి బిగువుండదు."

పిడి దించింది. కాళ్ళకు ఒక వేగం కుదిరింది, చేతులకు నిదానం వచ్చింది. సూది కింద బొంత మెలికలు తిరగసాగింది. ఒక తీగ వచ్చింది, దాని పక్కన ఒక మామిడిపిందె, ఆ పైన ఏదో పిట్ట.

"ఇదేంది, బాతా?"

"చిలక!"

"దానికీ నెలలు నిండినట్టుండాదే అక్కా."

బిడ్డ లేస్తుందని ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

చివరి మూల దగ్గర గంగులమ్మ ఇచ్చిన ముక్క చివికిపోయి సూదికి చీలింది. నేర్పించే ఆమె తన సంచిలోంచి ఒక మడత తీసింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన తెల్లచీర ముక్క.

"ఇది వేద్దామా అక్కా?"

చంద్రకాంతమ్మ కాళ్ళు ఆగాయి.

"నీకు పిల్లలెందరమ్మా?"

"నాకు లేరక్కా."

"ఏమనుకోవద్దు తల్లీ. ముందొక బిడ్డ పోయి ఉండాది. మా భయం మాది."

"అనుకునేదేముంది? మీ బిడ్డ, మీ ఇష్టం," అంటూ ఆమె ముక్కను మడిచి సంచిలో పెట్టేసుకుంది. చంద్రకాంతమ్మ తన పాతచీర చెంగు చించి ఇస్తే, ఆమే ఆ మూల సర్ది, అంచు మడిచి కుట్టింది.

బొంత తయారైంది. ఎక్కడా ముడత లేదు. చంద్రకాంతమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని మురిసిపోయింది.

"పోయే ముందర బిడ్డను ఒకసారి చూడొచ్చా అక్కా?"

"ఉయ్యాల్లో వేసేదాకా బయటివాళ్ళకు చూపించము, దిష్టి. రేపు రామ్మా, వడా పాయసం తిని పోదువు."

"రేపటికి నేను నాయుడుపేటలో ఉండాల. ఆడికి మార్చినారు."

"మీ కంపెనీ వాళ్ళు మనుషుల్ని ఒకచోట నిలవనీరా ఏంది?"

ఆమె నవ్వింది. తలుపు వైపు ఒకసారి చూసి, బయటికి పోయి జట్కా ఎక్కింది.

జట్కా మలుపు తిరిగిందో లేదో, వాకిట్లో రిక్షా ఆగింది. దాంట్లోంచి చేతిలో పెట్టెతో ఒక అమ్మాయి దిగింది.

"కుట్టుమిషను కంపెనీ నుంచి వస్తున్నానండీ. ఆలస్యమైంది."

అప్పుడే పంకజ బిడ్డను ఎత్తుకుని గబగబా బయటికి వచ్చింది.

"అమ్మా! కిటికీలోంచి చూసినా, ఆ జట్కాలో పోయింది ఆమే కదా? నన్నెందుకు లేపలేదు?"

"ఎవరే ఆమె?"

"ఆసుపత్రి నర్సమ్మ," అంది పంకజ, ఖాళీ మలుపు వైపే చూస్తూ. "నిన్ను కాన్పు గదిలోకి రానీలేదు కదా. నువ్వు భయపడతావని నేనూ చెప్పలేదు గానీ, పుట్టినప్పుడు బిడ్డ ఏడవలేదమ్మా, ఇంక లేదని నేను కళ్ళు మూసుకుంటే, దీన్ని ఒళ్ళో వేసుకుని, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది ఏడిపించింది ఆమే."