ముల్లు

బావ నడుపుతుండగా కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. తాడు కట్టించి నా షెడ్డుకు లాక్కొచ్చాడు. పక్క సీట్లోంచి అక్క దిగలేదు.

నేను లోపాలు చూపించే స్కానర్ జోలికి పోలేదు. ఇంజిన్ చల్లారాక స్టార్ట్ చేసి, దాని వేగం కొలిచే సెన్సర్‌కు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టాను. ఇంజిన్ టక్కున ఆగింది. ఒక్క బోల్టు విప్పి కొత్త సెన్సర్ బిగించాను.

"భలే పట్టేశావు బామ్మర్దీ! ఎలా తెలిసింది?" అన్నాడు బావ.

"అనుభవం బావా," అన్నాను, బానెట్ కిందనుంచి తల తీయకుండా.

మూడు నెలల కిందట ఇదే కారు నడుపుకుంటూ అక్క ఒక్కతే వచ్చింది. "వేడెక్కాకే ఆగిపోతోందిరా. ఆగేముందు ఇంజిన్ వేగం చూపే ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతోంది," అని చెప్పింది. నేను బానెట్ కూడా ఎత్తలేదు. సాయంత్రం బావ ఫోన్ చేస్తే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావా. అక్కకి క్లచ్ వదలడం రాదు, అంతే," అని నవ్వాను. ఆ రోజు నుంచి అక్క చేతికి తాళాలు రాలేదు.

ఇప్పుడూ ఆ తాళాలు వేలికి తిప్పుకుంటూ బావ స్టీరింగ్ వైపు నడిచాడు. అక్క కిటికీలోంచి నావైపు వంగి మెల్లగా అడిగింది.

"ఎవరి అనుభవంరా?"