కింద పడిన పెన్ను

డాక్టరమ్మ చేతిలోంచి పెన్ను జారి కింద పడింది.

జారలేదు, కావాలనే జార్చింది.

నొప్పులతో పని చేయలేమని పింఛను కోసం వచ్చేవాళ్ళలో ఎవరిది నిజమో, ఎవరిది నాటకమో తేల్చడానికి ఆమె కనిపెట్టిన కిటుకు అది. నొప్పి స్కాన్‌లో కనపడదు, రక్తపరీక్షలో దొరకదు. అందుకే మాటల మధ్యలో పెన్ను వదిలేసి, "అయ్యో" అంటూ తనే తీయబోతున్నట్టు ముందుకు వంగుతుంది. ఎదుటివాళ్ళు టక్కున వంగి అందించారా, వాళ్ళ నడుం గుట్టు బయటపడ్డట్టే.

ఈసారి ఎదురుగా ఉన్నది లాండ్రీలో ఏళ్ళ తరబడి ఇస్త్రీ చేసిన మనిషి. మెడ నుంచి నడుం దాకా నిప్పులు పోసినట్టుంటుందని చెబుతున్నదల్లా మాట ఆపేసింది.

"ఉండు తల్లీ, ఉండు!"

గబుక్కున వంగి పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. లేచేటప్పుడు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ముఖం పాలిపోయింది.

'ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది నటించాలని' అనుకుంది డాక్టరమ్మ.

"బాగానే వంగారే?"

ఆవిడ బల్ల అంచు వదల్లేదు.

"పింఛను రాకపోతే మళ్ళీ ఆ ఇస్త్రీ బల్ల దగ్గరికే పోవాలమ్మా. నాకిక వల్ల కాదు."

"సరే, వెళ్ళిరండి."

డాక్టరమ్మకు ఆ సాయంత్రం నుంచే ప్రసవం సెలవు. పని మిగల్చకూడదని అప్పటికప్పుడే 'పని చేయగలరు' అని రాసి పై ఆఫీసుకు పంపేసింది. ఒకసారి పంపితే ఏడాది దాకా ఆ కేసు మళ్ళీ తెరవరు.

కాసేపటికి ఆయా లోపలికొచ్చింది.

"మేడం, ఇందాకటి ఇస్త్రీ ఆవిడ బయట బెంచీ మీద పడిపోయింది. నడుం పట్టేసి లేవలేకపోతోంది. స్ట్రెచర్ కోసం చెప్పి పంపాం."

"నా ముందు చక్కగా వంగిందే!"

ఆయా కాస్త నసిగింది.

"మీరు కోప్పడనంటే ఓ మాట చెబుతాను. మీ పెన్ను సంగతి బయట అందరికీ తెలుసు మేడం. లోపలికొచ్చే ముందు ఒకరికొకరు చెప్పుకునే వస్తారు."

డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. వంగకుండా కూర్చున్న ప్రతివాళ్ళనీ తను నమ్మేసింది మరి.

"ఈవిడకు మాత్రం ఎవరూ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదు మేడం, నేనే చెప్పాను, పెన్ను పడితే చూడనట్టు ఊరుకోమని. తెలిసి తెలిసీ ఎందుకు వంగావక్కా అని ఇప్పుడు కోప్పడితే, 'నిండు చూలాలు బల్ల కిందికి వంగబోతుంటే చూస్తూ ఎలా కూర్చోమంటావే' అంది."