కిటికీ పక్క సీటు

ఉయ్యూరులో సుస్మిత ఎక్కేసరికి బస్సులో నిలబడటానికే చోటు లేదు.

చంకలో ఏడేళ్ల కూతురు శ్రీదుర్గ. ఇంకా మాట రాలేదు, నడకా తడబాటే. ఎవరైనా ముట్టుకుంటే కేకలు పెడుతుంది.

డ్రైవర్ వెనక సీటు పైన 'దివ్యాంగులకు' అని రాసి ఉంది. అక్కడ కిటికీ పక్కన ఒక యువకుడు కూర్చున్నాడు. పాతికేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, నున్నగా దువ్విన తల.

"కాస్త లేస్తావా బాబూ? పాపకి బాగోదు."

అతను తల తిప్పలేదు. బయటికే చూస్తున్నాడు.

"నిన్నే. పైన రాసింది కనబడట్లేదా?"

"నా సీటు," అన్నాడు.

"నీ సీటేంటయ్యా, నీ పేరున రాయించుకున్నావా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన. నలుగురు నవ్వారు.

"నా సీటు." మళ్లీ అదే మాట.

సుస్మితకి ఒళ్లు మండింది.

"కాళ్లూ చేతులూ శుభ్రంగా ఉన్నాయి. చూస్తే ఏ లోటూ లేదు. సిగ్గనిపించట్లేదా?"

'పిల్లకేం, చూస్తే బాగానే ఉందిగా' అనే వాళ్లతో ఏడేళ్లుగా పోట్లాడుతున్న మనిషి ఆమె. ఆ సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

వెనకాయన ఆ యువకుడి భుజం పట్టి లేపాడు. సుస్మిత కూర్చుంది.

ఆ హడావిడిలో శ్రీదుర్గ చెప్పు జారి కింద పడింది. అతను వంగి తీశాడు. పాప కాలికి తొడిగి, పట్టీ సరిగ్గా బిగించాడు. శ్రీదుర్గ కేక పెట్టలేదు. అతని జుట్టు పట్టుకుని చూసింది.

"ఇప్పుడెందుకులే ఈ మర్యాదలు," అంది సుస్మిత.

కంకిపాడులో ఎక్కినవాళ్లు అతన్ని వెనక్కి నెట్టుకుంటూ పోయారు.

సుస్మిత ఫోన్ తీసి, అప్పటికి ఎన్నిసార్లు చూసుకుందో ఆ మెసేజే మళ్లీ చూసుకుంది.

ఇలాంటి పిల్లల తల్లులకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నెల కిందట అందులో ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. 'నేను పోయాక నా పిల్ల గతేంటి?'

అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. చల్లపల్లి నుంచి హెలెన్ అనే ఆవిడ మాత్రం రాసింది. 'ఈ నెలాఖరు ఆదివారం బెంజ్ సర్కిల్లో మన మీటింగుంది. రండి. అక్కడ చెబుతాను.'

ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆమె ఇవాళ బయలుదేరింది.

బెంజ్ సర్కిల్లో దిగగానే ఒకావిడ ఎదురొచ్చింది. చంకలో పాపని చూసి గుర్తుపట్టింది.

"సుస్మిత గారా? నేను హెలెన్ని." అంటూనే బస్సు తలుపు వైపు చూస్తోంది. "మావాడు జోయెల్ దిగాలండి, ఈ బస్సులోనే."

దిగేవాళ్లు దిగారు. బస్సు కదిలింది.

హెలెన్ నాలుగడుగులు వెంట పరిగెత్తి ఆగిపోయింది.

"పాతికేళ్లండి వాడికి. బుద్ధి ఎదగలేదు. రెండేళ్లు పక్కన కూర్చుని నేర్పాను. డ్రైవర్ వెనక, కిటికీ పక్కన. అక్కణ్ణుంచి ఈ ఫ్లైఓవర్ కనబడగానే లేవాలి, తలుపు దగ్గరికి రావాలి. ఆ సీటైతేనే వాడికి దారి తెలుస్తుంది. మావారు చల్లపల్లిలో టికెట్ తీసి కూర్చోబెట్టారు. నీలం చొక్కా... మీరేమన్నా చూశారా?"

సుస్మిత పాపని ఇంకో చంకకి మార్చుకుంది.

"కండక్టర్‌కైనా చెప్పాల్సింది," అంది.

"చెబితే వాళ్లే దింపేస్తారుగా. వాడంతట వాడు దిగినట్టు ఎలా అవుతుంది?"

ఇద్దరూ బస్సు వెళ్లిన దారినే బస్టాండుకి ఆటో ఎక్కారు. దారిలో హెలెన్‌కి ఫోన్ వచ్చింది.

"అమ్మా, కండక్టర్ని. మీ వాడి జేబులో కార్డు మీద ఈ నంబరుంది. బస్టాండుకొచ్చేశాం, అందరూ దిగిపోయారు, మీ వాడు మాత్రం దిగడు, కూర్చోడు. కాస్త వచ్చి తీసుకెళ్లండి."

బస్సు ఖాళీగా ఉంది. సీట్లన్నీ ఖాళీయే. జోయెల్ మాత్రం వెనక కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్లు వణుకుతున్నాయి.

"కూర్చో నాన్నా," అంది హెలెన్, డ్రైవర్ వెనక సీటు చూపించి.

అతను హెలెన్ వెనకున్న సుస్మితని చూశాడు. ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"ఆంటీ సీటు," అన్నాడు.

హెలెన్ తిరిగి సుస్మిత వైపు చూసింది.

"నాకు తెలీదండి. చూస్తే..." అంది సుస్మిత.

తిడితే బాగుండుననిపించింది. హెలెన్ తిట్టలేదు. కొంగుతో కొడుకు మొహం తుడిచింది.

"ఎవరన్నా ఒకసారి వద్దంటే వీడింక ఆ పని చెయ్యడండి. అన్నం దగ్గరైనా అంతే. ఇంక బస్సెక్కడు."

"మళ్లీ నేర్పుదామండి. నేనూ వస్తాను, నేనూ పక్కన కూర్చుంటాను," అంది సుస్మిత.

"నాకు అరవై దాటాయమ్మా."

జోయెల్ చెయ్యి పట్టుకుని హెలెన్ మెట్లు దింపింది, చిన్నపిల్లాణ్ణి దింపినట్టు. కింద ఆగి, తల ఎత్తకుండానే అంది.

"మీరు గ్రూపులో అడిగారు కదండీ. మీకు చూపిద్దామనే వీణ్ణి ఇవాళ మొదటిసారి ఒక్కణ్ణే బస్సెక్కించాను."