పసుపు గీత

జోయల్ కారు కుదుపులు ఆపే పాత షాకబ్జర్‌ను నేల మీద నిలబెట్టి, రెండు చేతులతో అదిమాడు.

అది కిందికి పోయింది. మళ్ళీ లేవలేదు.

"సూసిన్రా వదినా, దీని పానం ఎన్నడో పోయింది. మంచిదైతే నొక్కినంక మెల్లగ మీదికొస్తది."

దేవిక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతోంది. మెదక్ రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డులో వాళ్ళ చిన్న కారు నాలుగు చక్రాలూ ఊడి, స్టాండ్ల మీద నిలబడి ఉంది.

కూతురు సాహితికి పోయిన వారమే లైసెన్సు వచ్చింది.

ఆ సాయంత్రమే భర్త కర్ణాకర్ మెకానిక్ జోయల్‌కు ఫోన్ చేశాడు. నాలుగు షాకబ్జర్లూ కొత్తవి కావాలన్నాడు. గట్టి స్ప్రింగులన్నాడు. మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా పట్టే లావు రాడ్డు కూడా వేయమన్నాడు.

"బిడ్డ నడుపుతది. కారు రోడ్డును పట్టుకొని ఉండాలె."

ఆ మాట విని దేవికకు ముచ్చటేసింది.

తను మాత్రం ఆరేళ్ళుగా స్టీరింగు ముట్టలేదు.

ఆరేళ్ళ కింద ఒక ఆదివారం కొమురవెల్లి మల్లన్నకు మొక్కు చెల్లించి వస్తున్నారు. "లైసెన్సు తీసుకొని పెట్టెల దాస్కుంటవా, నువ్వే నడుపు" అని కర్ణాకరే తాళంచెవి చేతిలో పెట్టాడు.

కొండపాక మలుపులో ఇదే కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారింది. కల్వర్టు గోడకు కొట్టుకుంది.

వెనక సీట్లో అక్క కూతురు మైత్రి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల.

మైత్రి ఇప్పటికీ కుంటుతుంది.

అక్క ఏడ్చి ఏడ్చి తిట్టింది. అత్త తిట్టింది. కర్ణాకర్ ఒక్క మాట కూడా అనలేదు.

"దేవుడసుంటి మొగడు. ఇంకొగడైతే ఇంట్ల ఉంచుకుంటుండెనా" అన్నారు వాడకట్టులో.

దేవిక కూడా అదే అనుకుంది. ఆనాటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పలేదు.

జోయల్ డీజిల్ గుడ్డతో ఆ పాత సామాను తుడుస్తున్నాడు. మట్టి కింద నుంచి పసుపు రంగు గీత ఒకటి బయటపడింది.

"గదేంది జోయల్?"

"నేను పెట్టిందే వదినా. మార్చాలె అని చెప్పినప్పుడు గిట్ల గీత పెట్టి తారీకు రాస్త. రేపు నువ్వు చెప్పలే అని లొల్లి పెట్టేటోళ్ళు ఉంటరు గద."

తనలో తనే నవ్వుకున్నాడు.

"అన్నకు ఎన్నడో చెప్పిన. మలుపుల ఎనక గుంజుతది, దీంట్ల మనుషులను ఎక్కించకు అని. మల్లన్న జాతరకు పోయొచ్చినంక సూద్దాం తియ్ అన్నడు. మళ్ళ గిప్పటిదాంక రానే రాలే."

"ఎన్నడు చెప్పినవ్?"

జోయల్ దాన్ని వెలుగుకు పట్టి, గీత పక్కన ఇంకోసారి తుడిచాడు.

1–3–19.

శుక్రవారం.

మైత్రి దవాఖాన చీటీ మీద అదే నెల మూడో తారీకు ఉంటుంది.

చేతిలో చాయ్ గ్లాసు ఉందన్న సంగతి, అది కింద పడి పగిలాక దేవికకు తెలిసింది.

"ఏమైంది వదినా, నీళ్ళు దెమ్మంటరా?"

"ఏం లేదు. నువ్వు పని కానియ్యి."

ఆమెకు షెడ్డులో చప్పుళ్ళేవీ వినిపించలేదు. తాళంచెవి చేతిలో పెడుతున్న కర్ణాకర్ వేళ్ళే కనిపిస్తున్నాయి.

మూడు గంటలకు ఆయన స్కూటర్ మీద సాహితిని తీసుకుని వచ్చాడు.

"ఎట్లయింది జోయల్?"

"పట్టాల మీద రైలు తీరు పోతదన్నా. గిప్పుడు కండ్లు మూస్కొని మలుపు తిప్పొచ్చు."

కర్ణాకర్ నవ్వుతూ భార్య వైపు తిరిగాడు.

పాత షాకబ్జర్ ఆమె ఒడిలో ఉంది. చీరకు నూనె మరక అంటింది. పసుపు గీత పైకి కనిపిస్తోంది.

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

సాహితి తల్లి చేతిలోని తాళంచెవి కోసం చెయ్యి చాపింది. దేవిక ఇవ్వలేదు.

"ఇయ్యాల నేను నడుపుత."

"నువ్వు కారు ముట్టవ్ గదమ్మా."

"నా పక్కన కూసో."

సాహితి అర్థం కాక తండ్రి వైపు చూసింది. కర్ణాకర్ ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు తీసి కూర్చున్నాడు.

దేవిక కిటికీలోంచి ఆ పాత సామాను ఆయన చేతికిచ్చింది.

"పట్టుకో."

కారు కదిలింది. ఊరు దాటేదాకా ఆమె రెండో గేరులోనే నడిపింది.

"ఎటు వోతున్నమమ్మా?"

"మైత్రి తానికి."

కొండపాక మలుపు వచ్చింది. కల్వర్టు గోడకు ఒకచోట కొత్త సిమెంటు అతుకు ఉంది.

కారు ఒరగలేదు. జారలేదు. సాహితి చేతిలోని సీసాలో నీళ్ళు మాత్రం కొంచెం కదిలాయి.

"అబ్బ, ఎంత మంచిగ తిప్పినవమ్మా. గిన్నేండ్లు ఎందుకు నడపలే మరి?"

దేవిక అద్దంలోకి చూసింది. కర్ణాకర్ తల వంచుకుని, రెండు చేతులతో ఆ ఇనుమును పట్టుకుని ఉన్నాడు.

అక్కావాళ్ళ ఇంటి ముందు ఆపింది.

చప్పుడు విని మైత్రి బయటికొచ్చింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపి పెట్టుకుంటూ దిగింది.

"చిన్నమ్మా, నువ్వే నడుపుకొచ్చినవా?"

దేవిక ఇంజను ఆపింది. వెనక్కి తిరగలేదు.

"దిగు. పిల్లకు నువ్వే చెప్పు."

కర్ణాకర్ ఒక్క మాట కూడా అనలేదు.