పొట్టేలు పట్టిన నిచ్చెన

పశువుల కొట్టం కురుస్తుంటే మేక నిచ్చెనెక్కి కప్పు మీద గడ్డి సర్దుతోంది. కింద గాడిద నిచ్చెన పట్టుకుంది. "ఎంత పనిమంతురాలివే తల్లీ!" అని ఆవులు మేకను పొగుడుతుంటే పొట్టేలు కడుపు ఉడికిపోయింది.

మేక దిగి మేతకు వెళ్లగానే పొట్టేలు నిచ్చెనెక్కబోయింది.

"ఆగు మావా, పట్టుకుంటాను" అంది గాడిద.

"నువ్వు పట్టుకుంటే సగం పేరు నీకే పోతుంది. అవతలికి పో!"

పైకెక్కి, పక్కకు వంగి చూరు అందుకోబోయేసరికి బురదలో నిచ్చెన జారింది. పొట్టేలు ధబేలున పడి కొమ్ము విరగ్గొట్టుకుంది.

మర్నాడు గాడిద ఊళ్లోకి పోయింది. "నువ్వు పట్టుకుంటేనే ఎక్కుతాను మావా" అంది మేక.

పొట్టేలు పట్టుకుంది. ఆవులు మళ్లీ మేకనే పొగిడాయి. పొట్టేలుకు కడుపు మండుతూనే ఉంది. నిచ్చెన మాత్రం వదల్లేదు.